ఆ 19 గంటలు ఏమైనట్టు?

షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లంటే నాకు అపారమైన గౌరవం. షెడ్డులో ఇంకా విమానం లేకపోయినా గౌరవమే, ఎందుకంటే చాలా షెడ్లలో అది ఉండదు. పనిముట్లుంటాయి. రేకులను కలిపి పట్టే రివెట్లను (చిన్న మేకుల్లాంటివి) బిగించడానికి చేత్తో నొక్కే రివెట్ పుల్లర్ చాలా, గాలి ఒత్తిడితోనో బ్యాటరీతోనో నడిచేది కావాలా అన్న వాదన ఈ విమానాలన్నిటికంటే ఎక్కువ గంటలు గాల్లోనే ఉంది.

లెక్క తేల్చేద్దాం. మన విమానానికి 10,000 పాప్ రివెట్లు, అంటే మధ్యలోని పుల్లను లాగితే బిగిసే బోలు రివెట్లు, అనుకుందాం. చేత్తో ఒక్కోదానికి 10 సెకన్లు, గాలి పుల్లర్‌తో 3. మొత్తం మిగులు 70,000 సెకన్లు, అంటే 19 గంటల చిల్లర. విమానం పూర్తవడానికి 2,000 గంటలు పడుతుందనుకుంటే నూటికి ఒకటి. చరిత్రాత్మకమైన ఆదా.

మరి ఆ 19 గంటలూ ఎటు పోయాయి? నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, పుల్లర్ కొన్నవాడు కంప్రెసర్ కొంటాడు. దానికో గొట్టం, గొట్టంలో నీటిని ఆపే ఫిల్టరు, చదరపు అంగుళానికి 90 పౌండ్ల దగ్గర ఒత్తిడిని నిలిపే రెగ్యులేటరు. అన్నీ సర్దాక రెక్క పెట్టుకోవడానికి చోటుండదు.

అసలు రివెట్ లాగడమనేది పని కాదు, పండగ. పనంతా దానికి ముందే అయిపోతుంది. రేకులు కలిపి రంధ్రం వెయ్యాలి. విడదీసి, అంచున లేచిన గరుకు గీకెయ్యాలి, వదిలేస్తే ఏనాటికైనా పగులు అక్కడే మొదలవుతుంది. మళ్లీ కలిపి, కదలకుండా పట్టే తాత్కాలిక పిన్నులు, క్లెకోలు, గుచ్చాలి. ఇంతా చేశాక ఆ రేకు తిరగేసి పెట్టామని తెలుస్తుంది. అప్పటికే గాలి పుల్లర్‌తో మూడు సెకన్లకొకటి చొప్పున లాగేసి ఉంటాం. డ్రిల్‌తో వాటిని ఊడదీయడానికి మాత్రం మూడు సెకన్లు చాలవు.

అయినా న్యాయం చెప్పాలి. చేతి పుల్లర్‌తో ఒకే రోజు మూడొందల రివెట్లు లాగి చూడండి, మర్నాడు సీసా మూత తియ్యమని పక్కవాళ్లను బతిమాలుకుంటారు. మణికట్టు కోసం కొన్నామంటే గాలి పుల్లర్‌ను నేనూ సమర్థిస్తాను. కానీ అలా ఎవరూ ఒప్పుకోరు, “సమయం ఆదా” అంటారు.

బోలు లేని గట్టి రివెట్ల సంగతి వేరు, వాటిని లాగరు, రెండో కొసను నొక్కో కొట్టో తలగా చేస్తారు. నొక్కాక తల వెడల్పు కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలి. నొక్కే పనిముట్టు గాలి స్క్వీజర్‌ను ఒకసారి సరిగ్గా అమర్చితే వందకు వందా అలాగే వస్తాయి. తప్పుగా అమర్చినా అంతే నిష్ఠగా వందా తప్పే వస్తాయి. ఇక సుత్తిలా కొట్టే రివెట్ గన్ జారిందంటే రేకు మీద నెలవంక లాంటి నొక్కు పడుతుంది. దాన్ని స్మైలీ అంటారు. నవ్వేది అదొక్కటే.

ఈ ఉత్సాహంలో కొందరు బోల్టుల మీదికీ వెళ్తారు. విమానాల్లో వాడే 3/16 అంగుళాల ఏఎన్3 రకం బోల్టుకు మామూలుగా 20 నుంచి 25 అంగుళ-పౌండ్ల బిగింపు చాలు. బ్యాటరీ ఇంపాక్ట్ డ్రైవర్ వెయ్యి దాటి ఇస్తుంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనే మాట ఈ పనిముట్టు రాకముందే ఎలా పుట్టిందో నాకు అంతుబట్టదు.

నా 19 గంటలకు మాత్రం పక్కా లెక్కుంది. పన్నెండు గంటలు ఏ పుల్లర్ కొనాలో చదవడానికి. ఐదు, గొట్టంలో గాలి ఎక్కడ కారుతోందో సబ్బునీళ్లతో వెతకడానికి. మిగతా రెండూ పుల్లర్ దవడల్లో ఇరుక్కున్న రివెట్ పుల్లను లాగడానికి. దాన్ని చేత్తోనే లాగాను.