లిస్టులో లేని కుక్కే తరిమింది

2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఫుడ్ ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లిన కుర్రాడి మీదకి కస్టమర్ ఇంట్లో కుక్క ఎగబడింది, భయంతో పరిగెత్తి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు, హాస్పిటల్లో చనిపోయాడు. అదే ఏడాది మేలో మణికొండలో పరుపు డెలివరీకి వెళ్లినాయనకీ ఇదే గతి, ఆయన కూడా మూడో అంతస్తు నుంచే దూకాడు, దెబ్బలతో బతికి బయటపడ్డాడు. మొదటిది జర్మన్ షెపర్డ్, రెండోది డాబర్‌మన్. 2024 మార్చి 12న కేంద్రం రాష్ట్రాలకి పంపిన ప్రమాదకర కుక్కల లిస్టులో ఈ రెండూ లేవు.

ఆ లిస్టు ఒకసారి తీసి చదవండి, తమాషాగా ఉంటుంది. మొత్తం 23 రకాలన్నారు. టోసా ఇనూ అని ఒకచోట, జపనీస్ టోసా అని ఇంకోచోట రాశారు, రెండూ ఒకటే కుక్క. ఇంకోచోట ఉత్తినే ‘టెర్రియర్స్’ అని వదిలేశారు, మరి మూడు కిలోలు తూగే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా టెర్రియరే కదా, హ్యాండ్‌బ్యాగ్‌లో పట్టే కుక్క అది. షార్‌ప్లానినాట్స్ అని బాల్కన్ కొండల్లో గొర్రెల్ని కాసే జాతి కూడా ఉంది అందులో, హైదరాబాద్‌లో నేనైతే ఒక్కదాన్నీ చూళ్లేదు. వీటి దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపండి, ఇళ్లల్లో ఉన్నవాటికి స్టెరిలైజేషన్ చేయించండి అన్నారు. నెల తిరక్కుండానే ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది, సంబంధం ఉన్నవాళ్లని ఒక్క మాటైనా అడగకుండా ఎలా ఇస్తారని.

అలాగని ‘జాతిలో ఏమీ లేదండీ, అంతా పెంపకమే’ అనే డాగ్ లవర్స్ మాట కూడా నాకు పూర్తిగా ఎక్కదు. 2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడని కొడుకు పెంచుకుంటున్న పిట్‌బులే చంపేసింది, ఆవిడ బయటి మనిషి కూడా కాదు. ఈ పిట్‌బుల్ పూర్వీకుల్ని ఇంగ్లండ్‌లో ఎద్దుల మీదకి ఉసిగొల్పడానికి పెంచారు, 1835లో ఆ ఆట నిషేధించాక కుక్కల పందేలకి వాడారు. పొమెరేనియన్‌కీ కోపం వస్తుంది, అదీ కరుస్తుంది, రెండు కుట్లతో పోతుంది, ఇది పట్టిందంటే వదలదు. కరుస్తుందా లేదా అని కాదు, కరిస్తే ఎంత పోతుంది అని చూడాలి.

మరి జాతి పేరుతో బ్యాన్ పెడితే సరిపోతుందా అంటే బ్రిటన్ 1991లోనే పెట్టింది, పిట్‌బుల్‌తో కలిపి నాలుగు రకాల మీద. పిట్‌బుల్ రక్తంలోంచే ఎక్స్‌ఎల్ బుల్లీ అని ఇంకా భారీ కుక్క వచ్చింది, లిస్టులో ఆ పేరు లేదు కాబట్టి హాయిగా అమ్ముకున్నారు, దాన్ని కలపడానికి 2023 చివరిదాకా పట్టింది. నెదర్లాండ్స్ అయితే 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధాన్ని కాట్లు తగ్గట్లేదని 2008లో ఎత్తేసింది. పేరు పెట్టి ఆపితే పేరు మార్చుకుని వస్తాయి, అంతే.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన రాట్‌వీలర్ తెచ్చాడు, ఇది మాత్రం లిస్టులో ఉందిలెండి. దాన్ని పొద్దున్నే తిప్పేది ఆయన కాదు, వాచ్‌మన్ కొడుకు, పధ్నాలుగేళ్లుంటాయేమో, గొలుసు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని వెనక్కి వాలి నడుస్తుంటాడు, ఎవరు ఎవర్ని తిప్పుతున్నారో తెలీదు. ఓ రోజు లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే అది ముందుకొచ్చి మా పాప మొహం దగ్గర ఆగింది, పిల్లాడు రెండు చేతులతో గొలుసు లాగుతున్నాడు, వెనకాల ఫోన్ చూసుకుంటున్న ఓనర్ తలెత్తి అన్న మాట ఒక్కటే, ‘ఏమనదండీ, చిన్నపిల్ల లాంటిది’. దాని బరువు ఆ కుర్రాడి కంటే ఎక్కువే ఉంటుంది!

నా లెక్కలో చట్టం ఈ గొలుసు పట్టుకున్న చేతి మీద ఉండాలి. పాతిక కిలోలు దాటిన కుక్క ఏ జాతిదైనా సరే లైసెన్స్ లేకుండా పెంచకూడదు, లిఫ్ట్‌లో మెట్ల మీద మూతికి చిక్కం ఉండాలి, పట్టుకునేది ఆపగల బలమున్న పెద్దమనిషే అయ్యుండాలి, కరిస్తే బిల్లు మొత్తం ఓనర్‌దే. ఇప్పుడున్నది భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్, పెంచుకున్న జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే ఆరు నెలల దాకా జైలు లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. రాట్‌వీలర్ పప్పీ ఒక్కటే అంతకంటే ఎక్కువ పలుకుతుంది. అదీ ఎవరికో ఏదో అయ్యాకే పనికొచ్చే సెక్షన్. లైసెన్స్ సంగతి జీహెచ్ఎంసీ ఎప్పట్నుంచో చెప్తూనే ఉంది, మా బ్లాక్‌లో ఏడు కుక్కలుంటే రెండింటికి ఉంది.

ఇక వీధి కుక్కలది వేరే కథ, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని చంపిన గుంపుకి జాతి పేరే లేదు, ఏ బ్రీడ్ లిస్టూ దాని దాకా వెళ్లదు.

లిఫ్ట్ గొడవ మీద మా అసోసియేషన్ మీటింగ్ పెట్టింది, గంటన్నర వాదించుకున్నాక రాట్‌వీలర్‌ని ఇకమీదట సర్వీస్ లిఫ్ట్‌లోనే తీసుకెళ్లాలని తీర్మానం చేశారు, అందరూ చప్పట్లు కూడా కొట్టారు. సర్వీస్ లిఫ్ట్‌లో ఎక్కేది పనమ్మాయిలు, డెలివరీ కుర్రాళ్లు.