సినిమాకు పనికిరాని గోల్కొండ

భక్తిరసం నిండిన యుద్ధ చిత్రాల్లో చరిత్ర కనిపించడం లేదని కొందరు గోల పెడుతున్నారు. నిర్మాతల కష్టం తెలియని మాటలివి. చరిత్రను ఉన్నదున్నట్టు తీస్తే ఎంత నష్టమో తెలుసుకోవడానికి ఎక్కడికో పోనక్కరలేదు. మెహదీపట్నం దాటి గోల్కొండ దాకా వెళితే చాలు.

1687 నాటి ముట్టడినే తీసుకోండి. కోట బయట ఔరంగజేబు, లోపల తానీషా. ఇద్దరిదీ ఒకే మతం! ఇక ప్రేక్షకుడు ఎవరిని చూసి ఈల వేయాలి? తానీషా కొలువులో చక్రం తిప్పిన మంత్రులు అక్కన్న, మాదన్న. మొగలు సైన్యంలో రాజపుత్రులు. అది చాలదన్నట్టు చక్రవర్తి సొంత కొడుకు మువజ్జమ్ లోపాయికారీగా తానీషాతో మంతనాలాడి తండ్రికి దొరికిపోయాడు. పోనీ, ఎనిమిది నెలల ముట్టడికి పతాక సన్నివేశమైనా ఘనంగా ఉందా? లంచం తిన్న సేనాని ఒకడు రాత్రివేళ లోపలి నుంచి తలుపు తెరిపించాడు. వందల కోట్లు పోసి, గడియ తీయడం చూపించమంటారా?

రామదాసు కథతో మరీ చిక్కు. గుడి కట్టించి చెరసాలలో మగ్గిన భక్తుడిని వదిలేసి, రామలక్ష్మణులు నేరుగా తానీషాకు కనిపించి ఆరు లక్షల బాకీ తీర్చారట. ఇది ఏ చరిత్రకారుడి కుట్రా కాదు, భక్తులు తరతరాలుగా మురిసిపోతూ చెప్పుకున్న కథే. ఇవాళ తీస్తే మాత్రం మనోభావాలు గ్యారంటీగా దెబ్బతింటాయి. కాబట్టి దేవుడు చేసిన పొరపాటును దర్శకుడు సరిదిద్దక తప్పదు.

ఇక సైన్యాల సంగతి. కృష్ణానగర్‌లో తెల్లవారకముందే బస్సెక్కిన జూనియర్ ఆర్టిస్టులు పొద్దున బొట్టు పెట్టుకుని కత్తి దూస్తారు. భోజనాలయ్యాక అదే మనుషులు సుర్మా దిద్దుకుని, గడ్డం అంటించుకుని, పొద్దున తాము దూసిన కత్తులకే కుప్పకూలుతారు. ఎండకు జిగురు కరిగి గడ్డం జారితే మేకప్ మనిషి పరుగున వచ్చి అదిమిపెడతాడు. మొత్తం చిత్రంలో నాటి దక్కను సైన్యాలకు కాస్త దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. దురదృష్టవశాత్తు కెమెరాకు చిక్కదు.

విమర్శకుల నోరు మూయించే ఏర్పాటు ఎలాగూ ఉంది. మొదట ‘యథార్థ గాథ’ అని తెరనిండా బంగారు అక్షరాలు. ఆ వెంటనే ‘పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం’ అని చీమ తలకాయంత అక్షరాల్లో, పొగాకు హెచ్చరిక కన్నా వేగంగా. రెండూ ఒకే సినిమాకు ఎలా కుదురుతాయని అడిగే ఆ ఒక్క పెద్దమనిషి అప్పటికింకా పాప్‌కార్న్ వరుసలోనే ఉంటాడు.