గోదాట్లో తూర్పు ఫేసింగ్

ఇదివరకు స్థలం కొనాలంటే టీకొట్టు దగ్గర నాలుగు రోజులు కూర్చోవాల్సి వచ్చేది. ఐదో రోజుకి స్థలంతో పాటు దాని మీదున్న తగాదా, తగాదా పడ్డ అన్నదమ్ములు, వాళ్లు మాటలు మానేసిన సంవత్సరం కూడా తెలిసిపోయేవి. ఆ అనాగరిక యుగం ముగిసింది. ఇప్పుడు స్థలాలమ్మే ప్రతి వెబ్‌సైట్లోనూ ఒక మ్యాపుంది. మామూలు మ్యాపు కాదు, కదిలే మ్యాపు. వేలితో తోస్తే ఆత్రేయపురం నుంచి అంతర్వేది దాకా జారుతుంది. రెండు వేళ్లతో సాగదీస్తే కొబ్బరి చెట్ల తలలు లెక్కపెట్టుకోవచ్చు. మనక్కావాల్సిన చోటు చుట్టూ వేలితో గీత గీస్తే, ఆ గీత లోపల అమ్మకానికున్నవన్నీ చూపిస్తుంది.

హైదరాబాదులో ఉంటున్న మా మేనల్లుడికి సొంత జిల్లా కోనసీమలో ఐదు సెంట్లు కొనాలని బుద్ధి పుట్టి, ఆ లింకు నాకు పంపాడు. "మావయ్యా, అన్నీ అందులోనే ఉన్నాయి. నువ్వు ఊరికే వెళ్లి చూసి రా, చాలు" అన్నాడు.

నిజమే, అన్నీ ఉన్నాయి. అమలాపురం మీద గుండ్రంగా ఒక బొట్టు, అందులో 23 అనే అంకె. నొక్కాను. మ్యాపు దగ్గరికొచ్చింది, బొట్టు అలాగే ఉంది. మళ్లీ నొక్కాను. ఇంకా దగ్గరికొచ్చింది. చివరికి గడియార స్తంభం ముల్లు మీద పడతామేమో అనిపించేంత దగ్గరికెళ్లాక తేలిందేమిటంటే, 23 స్థలాలూ ఆ స్తంభం దగ్గరే, ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నాయి. అమ్మేవాడు ఊరి పేరొక్కటే కొట్టి ఊరుకుంటే, ఆ యంత్రం పిన్నును తీసుకెళ్లి ఊరి నడిబొడ్డున గుచ్చుతుందట. ఆ లెక్కన మా గడియార స్తంభం చుట్టూ కొబ్బరి తోటలు, రెండు రొయ్యల చెరువులు, ఒక పాడుబడ్డ రైసుమిల్లు ఉన్నాయి. రోజూ అటు తిరిగే మేమే గమనించలేదు.

కొన్నిటికి పిన్ను కూడా ఉండదు. అర మండలాన్ని మింగేసే నీలం వలయం, కింద 'సుమారు లొకేషన్' అనే మాట. చోటు తెలిస్తే మీరు నేరుగా రైతు ఇంటికి పోతారు, మధ్యవర్తి గారి రెండు శాతం గాలికి పోతుంది. అంచేత, ఎక్కడుందో చూపించడానికే పుట్టిన మ్యాపు ఎక్కడుందో చెప్పనని ఒట్టు పెట్టుకుంది.

కొలత కూడా మన భాషలో అడగదు. మాకు సెంట్లు, పొలమైతే కుంచాలు. దానికి చదరపు అడుగులు కావాలి. ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే 2,178 అడుగులు. ఆ అంకె దగ్గర ఆపుదామంటే మీట 2,000 నుంచి ఒక్క దూకున 5,000కి పోతుంది. సరే, పోనీ.

ఎట్టకేలకు మావాడికి ఒకటి నచ్చింది. సఖినేటిపల్లి రేవు దగ్గర ఐదు సెంట్లు, తూర్పు ఫేసింగ్, నరసాపురం రైల్వే స్టేషనుకి ఐదు నిమిషాలు. స్టేషనేమో గోదావరికి అవతలి ఒడ్డున. కాకి లెక్కలంటే ఇవే. కాకికి ఏరు దాటించే పంటు టికెట్టు అక్కర్లేదు. పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా తిరిగి రావాల్సిన పనీ లేదు.

ఫోను చేత్తో పట్టుకుని బయల్దేరాను. రేవు దాకా వచ్చాక కూడా "తిన్నగా వెళ్లండి" అంది. తిన్నగా ఉన్నది వశిష్ఠ, గోదావరి పాయ. పంటు ఎక్కాను. సరిగ్గా ఏటి మధ్యకి వచ్చేసరికి ఫోను గొంతు సవరించుకుని "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అని ప్రకటించింది. పక్కనున్న చేపల గంపావిడ ఉలిక్కిపడి రెయిలింగు పట్టుకుంది.

ఏజెంటుకి ఫోన్ చేశాను.

"వచ్చేశారా సార్?"

"వచ్చానండి."

"ఎదురుగా ఏం కనిపిస్తుంది సార్?"

"నీళ్లు."

"అదే సార్! వాటర్‌కి మాత్రం లోటుండదు."

ఈలోగా పంటులో సంగతి పాకిపోయింది. ఈశాన్యంలో నీళ్లుంటే ఐశ్వర్యమని ఒకాయన అన్నాడు. ఇక్కడ ఎనిమిది దిక్కులా ఐశ్వర్యమేనని ఇంకొకాయన తేల్చాడు. టికెట్లు కొట్టే కుర్రాడికి వేరే బెంగ పట్టుకుంది. "కొనేసి ప్రహరీ కట్టేత్తారేటండి? పంటు ఎటెల్లాలండి మరి?"

అందరం నవ్వాం. మూలన సైకిలు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన నవ్వలేదు. ఫోను ఓసారి ఇమ్మన్నాడు. మ్యాపుని వేలితో మెల్లగా పైకి తోసుకుంటూ పోయి, నీలంగా ఉన్న ఒక చోట ఆపాడు. "ఇక్కడండి మా ఎకరం పాతిక. కొబ్బరి. ఏటి కోతకి పోయిందండి. పాసుపుస్తకం ఉంది, ఇంట్లో." ఫోను తిరిగిచ్చేస్తూ, "దీన్ని కూడా పెట్టొచ్చాండి ఇందులో?" అని అడిగాడు.

ఆయ్, పెట్టొచ్చండి. ఇందులో ఏదైనా పెట్టొచ్చు. ఏటీఎంలు చూపించే మీట ఉంది, జిమ్ములు చూపించే మీట ఉంది, పిజ్జా దొరికే చోట్లకి కూడా మీట ఉంది. 2022 జూలై వరదలో నీళ్లు ఎందాకా వచ్చాయో చూపించే మీట మాత్రం లేదు. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. ఆ నెలలో నీళ్లు 21 అడుగులు దాటాయి. ఏటి నడుమ లంకల్లో జనం పసిపిల్లలతో డాబాలెక్కి పడవ కోసం చూశారు. ఆ లంకలే ఇప్పుడు ఈ మ్యాపులో 'రివర్ వ్యూ'. ఉపగ్రహం ఫొటో తీసింది ఎండాకాలంలో కదా, ఇసుక తెల్లగా మెరుస్తూ ఉంటుంది.

ఇక 'మెరక చేసిన లేఅవుట్' అని ఎర్రటి గ్రావెల్ ముక్కలు. ఆ గ్రావెల్ కింద ఏముందిరా నాయనా? చేల మధ్య చిన్న కాలువ, బోదె ఉంది. పై చేల నీళ్లు మురుగు కాలువలోకి దిగే దారి ఉంది. కాటన్ దొర మనుషులు కంప్యూటర్లు లేకుండానే ఈ నేల వాలు కొలిచి, 1852కి ఆనకట్ట కట్టి, నీళ్లు పారే దారి చూపించారు. వీళ్లు ఆ దారి మీద నలభై అడుగుల రోడ్డేసి, ఆర్చీ కట్టి, మ్యాపులో ఆకుపచ్చ టిక్కు పెట్టించుకున్నారు. పక్క చేనువాడి సార్వా వరి వారం రోజులు నీళ్లలో కుళ్లితే అది ఏ పిన్నులో కనిపిస్తుంది? 2011లో ఇదే కోనసీమ రైతులు మా వల్ల కాదని పంట విరామం ప్రకటించారు. ముంపు దిగని చేలు అందుకొక కారణం. మా దగ్గర మూడో తరగతి చదివినవాడు కూడా స్థలం అనగానే మొదట అడిగే మాట, "మెరకా, పల్లమా?" కోట్లు పోసి చేసిన మ్యాపుకి ఆ ఒక్క ప్రశ్న రాదు. రాక కాదు. అడిగితే సరుకు అమ్ముడుపోదు.

రాత్రి మావాడు ఫోన్ చేశాడు. "పోనీ మావయ్యా, వేలితో గీసే ఆప్షనుంది కదా. ఎక్కడ గీయమంటావో చెప్పు."

2022లో నీళ్లెక్కని చోట్లు, బోదెలు పూడ్చని చోట్లు ఊరూ వాడా చెప్పుకుంటూ పోయాను. వాడు ఓపిగ్గా గీశాడు. కాసేపు చక్రం తిరిగింది.

"ఏమంది?"

"ఈ పరిధిలో స్థలాలేవీ లేవు, పరిధి పెంచుకోండి అంటోంది. కింద, మీకు నచ్చవచ్చు అని ఒకటి చూపిస్తోంది."

"ఏది?"

"పంటు దగ్గరదే."