కోనసీమ కుక్కకి అమెరికా కోటెందుకు?

మా అక్క అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూళ్లో ఉంటుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. చేతికర్రతో నడుస్తుంది. రెండేళ్లుగా ఆమెకి తోడు బుజ్జి అనే లాబ్రడార్. కర్ర జారిపోతే అందిస్తుంది, ఫోను తెచ్చిస్తుంది, అక్క పడిపోతే వీధిలోకి పోయి ఎవరో ఒకరు వచ్చేదాకా మొరుగుతుంది. ఇలా మనిషి అవసరానికి తగ్గ పని నేర్చిన కుక్కే సర్వీస్ డాగ్.

దానికి కావాల్సిన సామానంతా నేనే ఇక్కడ అమెరికాలో కొని పంపాను. దూది పెట్టి కుట్టిన నల్ల కోటు, గట్టి పిడి ఉన్న తోలు హార్నెస్ (ఛాతీకీ వీపుకీ కలిపి కట్టే పట్టీలు), నాలుగు బూట్లు. అక్కని ఒక్క మాటైనా అడగలేదు. ఊళ్లో ఇలాంటి తోడు అవసరమైన వాళ్లు మీ ఇళ్లలోనూ ఉండొచ్చు. మీరలా చేయకండి.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ రొప్పు కూడా సరిగ్గా పనిచేయదు. మే నెలలో కోనసీమ ఉక్కపోత ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అందులో దానికి దూది కోటు తొడిగించాను. అసలు అమెరికాలోనే, 1990లో వచ్చిన వికలాంగుల చట్టం ప్రకారం సర్వీస్ డాగ్‌కి కోటు గానీ గుర్తింపు కార్డు గానీ తప్పనిసరి కాదు. ఇది పనిలో ఉన్న కుక్క అని నలుగురికీ తెలియడానికే కోటు. ఆ మాత్రానికి వీపు మీద ఒక పట్టీ, దాని మీద నాలుగు అక్షరాలు చాలు.

ఆ అక్షరాలు కూడా తెలుగులో ఉండాలి. నేను పంపిన కోటు మీద ఇంగ్లీషు చూసి "పోలీసు కుక్కాండీ?" అని అడిగినవాళ్లే ఎక్కువ. పిల్లలు బిస్కెట్లు వేసేవారు, అది అటు తిరిగితే అక్క అడుగు తడబడేది. ఇప్పుడు పసుపు గుడ్డ మీద ఎర్ర దారంతో "పనిలో ఉంది. ముట్టుకోకండి, పిలవకండి" అని కుట్టించింది. బడి పిల్లలే చదివి పక్కవాళ్లకి చెబుతున్నారు.

తోలు హార్నెస్ శ్రావణమాసం దాటలేదు. బూజు పట్టింది, పైపూత ఊడి బకిల్స్ తుప్పు పట్టాయి. కాలవ గట్టు బురదలో తిరిగి రోజూ తడిసే కుక్కకి ప్లాస్టిక్ పూత ఉన్న పట్టీలే నయం. పంపు కింద కడిగి తుడిస్తే చాలు, నీళ్లు పీల్చవు. రింగులు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో ఉండాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఆ పిడి. నిలబడేటప్పుడు అక్క దాన్ని పట్టుకుని లేస్తుందనుకున్నాను. బుజ్జి 27 కిలోలు, అక్క 62. పశువుల డాక్టరు చూసి, దీని మీద మనిషి బరువు మోపితే కుక్క వెన్ను పాడవుతుందమ్మా అన్నారట. ఆసరా పిడి వాడాలంటే కుక్క తగినంత పెద్దది కావాలి, ఎముకలు పూర్తిగా ఎదిగి ఉండాలి, తుంటి, మోచేతి కీళ్లు ఎక్స్‌రే తీసి చూడాలి. అప్పుడు కూడా తూలకుండా పట్టుకోవడానికే తప్ప పూర్తి బరువు వేయడానికి కాదు. అక్క ఫోనులో అన్న మాట నాకింకా గుర్తుంది: "కర్ర ఉందిగా తమ్ముడూ. నా బరువు వేసి దాన్ని కూడా కుంటిదాన్ని చెయ్యనా?"

చివరికి అమలాపురంలో బ్యాగులు కుట్టే ఆయన దగ్గర కొత్తది కుట్టించింది. ముందుకాళ్ల వెనక, ఛాతీ చుట్టూ టేపుతో కొలిచారు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, భుజాలు ఆడటానికి అడ్డు రాకూడదు. రెండుసార్లు విప్పి కుట్టాడాయన. వీపు మీద మెత్తటి చేపట్టు ఒకటి పెట్టాడు, బరువు వేయడానికి కాదు. రామచంద్రపురంలో మా పిన్ని ఇంటికి వెళ్లాలంటే ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగాలి. తడిసిన ఇనప రేకు మీద బుజ్జి కాలు జారితే పక్కన ఉన్నవాళ్లు ఎవరైనా ఆ చేపట్టుతో పట్టి ఆపుతారు. బూట్లతో అయితే ఇంకా జారింది. ఇప్పుడు అవి అటక మీద ఉన్నాయి. ఎండకి కాలిన రోడ్డుకి అరచేతి వెనక భాగం 7 సెకన్లు ఆనించలేకపోతే ఆ పూటకి అక్క బయటికి తీసుకెళ్లదు.

ఇంటికి రాగానే పట్టీలన్నీ విప్పి చంకల కింద ఒరుపు, పిడుదులు చూస్తుంది. ఒక్కరోజు కూడా మానదు.

నేను పెట్టిన డబ్బుతో బుజ్జికి ఏడాది టీకాలు, పిడుదుల మందు, శిక్షకుడి రాకపోకలు అన్నీ గడిచేవి. ఇక్కణ్ణుంచి సామాను కొనే ముందు అక్కడ వాడే మనిషిని అడగండి. కొలతలు, డాక్టరు మాట తెలుసుకోండి. ఊళ్లో కుట్టేవాళ్లుంటే డబ్బు వాళ్లకి పంపండి. పాడైతే మళ్లీ కుట్టిపెట్టే మనిషి పక్క ఊళ్లోనే ఉంటాడు.

ఈ సంక్రాంతికి వెళ్తూ ఏం తేవాలని అడిగాను. రెండు స్టీలు రింగులు తెమ్మంది, బుజ్జి కాస్త లావెక్కిందట. ముందు ఛాతీ కొలత రాసి పంపమన్నాను.