కర్నూలులో లండన్ ఎల్ఎల్‌బీ: గుర్తింపు ఎవరిది, దేనికి?

గత నెలలో ఓ తండ్రి, ఇంటర్ పాసైన కొడుకును వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చి, నాలుగు మడతలు పెట్టిన రంగుల కరపత్రం ఒకటి బల్ల మీద పరిచారు. ఇంట్లో కూర్చునే మూడేళ్లలో ఇంగ్లండ్‌లోని లండన్ విశ్వవిద్యాలయం ఎల్ఎల్‌బీ పట్టా పొందవచ్చని, అది 'అంతర్జాతీయ గుర్తింపు ఉన్న డిగ్రీ' అని అందులో ఉంది. "కోర్సు నిజమేనా సార్?" అని ఆయన అడిగారు. నిజమే. లండన్ విశ్వవిద్యాలయం తన తరగతి గదిలో కాలు పెట్టనివారు కూడా పరీక్ష రాసి పట్టా పొందే వీలును 1858లోనే కల్పించింది. నెల్సన్ మండేలా రాబెన్ ద్వీపం జైల్లో ఉండగా ఆ విశ్వవిద్యాలయం ఎల్ఎల్‌బీకే చదివారు, చివరకు పట్టా మాత్రం 1989లో దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి అందుకున్నారు. కోర్సులో మోసం లేదు. చిక్కంతా ఆ 'గుర్తింపు' అన్న మాటలోనే ఉంది. ఎవరు గుర్తించారు, ఏ పనికి గుర్తించారు అన్నది కరపత్రం చెప్పదు.

జిల్లా కోర్టులో నల్లకోటు వేసుకుని వకాలత్ దాఖలు చేయాలంటే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి. విదేశీ డిగ్రీతో ఆ నమోదు కోరే భారతీయులకు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్య నిబంధనల్లో షరతులు పెట్టింది: కోర్సును రెగ్యులర్‌గా చదివి ఉండాలి, ఆ విశ్వవిద్యాలయాన్ని కౌన్సిల్ గుర్తించి ఉండాలి, అది డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సో, ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సో అయి ఉండాలి, ఆపైన మన చట్టాల మీద కౌన్సిల్ పెట్టే ప్రత్యేక పరీక్ష గట్టెక్కాలి. ఇంటర్ కాగానే ఇంట్లో కూర్చుని మూడేళ్లు చదివిన కుర్రాడు మొదటి షరతు దగ్గర ఒకసారి, మూడో షరతు దగ్గర మరోసారి ఆగిపోతాడు. ఇంగ్లండ్ వెళ్లి, మూడేళ్లు తరగతుల్లో కూర్చుని చదివి వచ్చినవారికే ఇక్కడ ఆ లోటు పూడ్చే రెండేళ్ల బ్రిడ్జి కోర్సు తప్పనప్పుడు, ఇంటి నుంచి చదివినవారికి దారి సులువుగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మడం కష్టం.

ఇదంతా కాగితాల పేచీ మాత్రమే అని తోసేయడానికీ లేదు, ఎందుకంటే చదివే చట్టమే వేరు. కాంట్రాక్టు చట్టాన్నే తీసుకుందాం. ఒప్పుకుంటున్నానని ఉత్తరం పోస్టులో వేసిన క్షణంలోనే ఒప్పందం కుదిరినట్టు ఇంగ్లండ్‌లో 1818 నాటి తీర్పు నుంచీ భావిస్తున్నారు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం నాలుగు, ఐదు సెక్షన్ల ప్రకారం ఉత్తరం పోస్టులో పడగానే అవతలివాడు కట్టుబడతాడు గానీ, ఉత్తరం రాసినవాడు మాత్రం అది చేరేలోపు మనసు మార్చుకోవచ్చు. తల్లి కూతురికి ఆస్తి రాసిస్తూ, తన తోబుట్టువుకు ఏటా కొంత సొమ్ము ఇవ్వమంటే, ప్రతిఫలంగా పైసా ఇవ్వని ఆ మూడో మనిషి దావా వేయవచ్చా? వేయవచ్చని చిన్నయ్య, రమయ్య కేసులో మద్రాసు హైకోర్టు 1882లోనే చెప్పింది. ఆనాటి ఇంగ్లండ్ న్యాయం ప్రకారం అది కుదరదు. దానపత్రాలు, భాగపరిష్కారాల తగాదాలతోనే సగం రోజు గడిచే మన కోర్టుల్లో ఈ తేడా చిన్నదేమీ కాదు. ఇక 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత గురించి ఇంగ్లండ్ క్రిమినల్ లా పాఠంలో వెతకడం వృథా.

అయితే ఆ కుర్రాడు ఒక మాటన్నాడు, దానికి నా దగ్గర చప్పున జవాబు దొరకలేదు: "ఇక్కడ మాత్రం ఎవరు కాలేజీకి పోతాండారు సార్?" ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలే అంటాయి. కానీ ఏడాది పొడవునా గడప తొక్కకుండా, పరీక్షల ముందు గైడు కొనుక్కుని గట్టెక్కినవాళ్లు మా బార్‌లోనే ఉన్నారు. కొందరు తామే నవ్వుతూ చెబుతారు. నా దగ్గర జూనియర్‌గా చేరిన ఒకతను డిగ్రీ చేతికొచ్చాక కూడా ఒక్క తీర్పు పూర్తిగా చదివి ఉండలేదు. దూరవిద్య అని బాహాటంగా చెప్పుకునే కోర్సులో కేసులు చదవక తప్పదు, ఎందుకంటే అక్కడి ప్రశ్నపత్రం ఒక తగాదా ఇచ్చి 'సలహా చెప్పండి' అంటుంది, నిర్వచనం రాయమనదు. రెగ్యులర్ అనిపించుకున్న మన చదువు కాగితం మీద మాత్రమే రెగ్యులర్ అయినప్పుడు, పిల్లలు లండన్ వైపు చూస్తే తప్పు వారిది అనలేం.

దగ్గరలో పేరున్న లా యూనివర్సిటీ లేని లోటు కూడా దీని వెనుక ఉంది. కర్నూలు పక్కన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసు వెళ్లి లా చదివారు. ఆయన పేరుతో ఉన్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖపట్నంలో ఉంది. కర్నూలులో జగన్నాథగట్టు మీద మరో లా యూనివర్సిటీకి 2024లో శంకుస్థాపన జరిగింది.

కోర్టుకు వెళ్లే ఉద్దేశం లేనివారి సంగతి వేరు. బెంగళూరు, హైదరాబాదు కంపెనీల్లో ఇంగ్లిష్ చట్టం కింద రాసిన ఒప్పందాలు చూసే పనికి ఈ చదువు పనికొస్తుంది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలన్నా దారి ఉంది, కానీ 2021లో వచ్చిన ఎస్‌క్యూఈ (సొలిసిటర్ల అర్హత పరీక్ష) పద్ధతిలో ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా పరీక్ష రాయవచ్చు, దానితోపాటు రెండేళ్ల పని అనుభవం చూపాలి. అంటే ఆ ఒక్క లక్ష్యానికైతే లండన్ ఎల్ఎల్‌బీ ఉంటే మంచిదే, లేకపోయినా తలుపు మూసుకోదు.

ఆ తండ్రితో నేను ఫీజు కట్టొద్దని అనలేదు. 'ఈ పట్టాతో ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్‌లో అడ్వకేటుగా నమోదు కావచ్చా' అన్న ఒక్క ప్రశ్నకు ఆ కరపత్రం ఇచ్చినవారి నుంచి సంతకంతో జవాబు తెమ్మన్నాను. ఇక్కడి లా కాలేజీల ప్రవేశ పరీక్ష లాసెట్ దరఖాస్తు సంగతి కూడా ఈలోపు చూసుకోమన్నాను. కుర్రాడు కరపత్రాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.