బీకాం పిల్లలకు పుస్తకం బయటి లెక్క కూడా నేర్పాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బీకాం చదివే పిల్లలకు మనం ప్రధానంగా నేర్పేది లెక్క కుదర్చడం. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్. డిగ్రీ అయ్యాక ట్యాలీ సెంటర్లో చేరితే అదే పని కంప్యూటర్ మీద. ఇది అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ డబ్బు తినేసేవాడు కూడా లెక్క కుదిర్చే పెడతాడు. వాడి పని బయటపెట్టే ఫోరెన్సిక్ అకౌంటింగ్ మాత్రం హైదరాబాద్, ముంబైల్లోని పెద్ద ఆడిట్ సంస్థల వ్యవహారమనీ, మన ఊళ్లలో దానికి పనేముందనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. అది తప్పు. ఈ విద్యకు కావలసిన పాఠాలన్నీ ఇక్కడి మిల్లుల్లో, సంఘాల్లో, సొసైటీల్లోనే ఉన్నాయి.

తెలుగువాళ్లకు బాగా తెలిసిన సత్యం కంప్యూటర్స్ సంగతే చూడండి. 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మన్ రామలింగరాజు మోసం ఒప్పుకుంటూ రాసిన లేఖ ప్రకారం పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. అయినా ఏటా ఆడిట్ సంతకాలు పడుతూనే వచ్చాయి. ఎంత నిల్వ ఉందో బ్యాంకునే నేరుగా అడిగి, వచ్చిన జవాబును పుస్తకంతో గట్టిగా పోల్చి ఉంటే ఆ మోసం అన్నేళ్లు సాగేది కాదు. ఈ విద్య మొత్తానికి మూలం ఇదే. పుస్తకాన్ని ఆ పుస్తకం రాసినవాడి చేతిలో లేని సాక్ష్యంతో సరిచూడాలి.

మన దగ్గరి ధాన్యం మిల్లుకు దీన్ని అన్వయించి చూద్దాం. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని కస్టమ్ మిల్లింగ్‌కు ఇచ్చినప్పుడు మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి. ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. వెయ్యి క్వింటాళ్ల ధాన్యానికి 670 క్వింటాళ్ల బియ్యం అప్పగించినట్టు రికార్డు ఉంటే లెక్క కుదిరినట్టే. దర్యాప్తు చేసేవాళ్లు మాత్రం అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ ధాన్యం నిజంగా ఆ మిల్లులో ఆడిందా, లేక ఎక్కడో కొన్న రేషన్ బియ్యం సంచి మార్చి ఇచ్చారా?

మర తిరిగితే కరెంటు కాలుతుంది. అదే మిల్లు వేరే నెలల్లో క్వింటాలుకు ఎన్ని యూనిట్లు వాడిందో చూసి ఈ నెల బిల్లుతో పోల్చాలి. ధాన్యం ఆడితే తవుడు వస్తుంది, ఊక వస్తుంది. అవి ఎవరికి అమ్మారు? బస్తాలు ఎత్తిన కళాసీలకు కూలి ఎంత ఇచ్చారు? బియ్యం తీసుకెళ్లిన లారీ జాతీయ రహదారి మీద మడపాం టోల్ గేటు దాటాల్సినదైతే ఫాస్టాగ్‌లో తేదీ, సమయం ఉండాలి. పశువుల దాణా కొన్నట్టు దొంగ బిల్లులు పెట్టిన బిహార్ దాణా కుంభకోణంలో లారీలని బిల్లుల్లో రాసిన నంబర్లు రవాణా శాఖ రికార్డుల్లో స్కూటర్లవిగా తేలాయి. అయితే తొందరపడకూడదు. కరెంటు తక్కువ కాలిందంటే ఆ నెల జనరేటర్ మీద నడిపి ఉండవచ్చు, డీజిల్ బిల్లులు చూడాలి. అమాయకమైన కారణం ఏదీ లేదని తేలాకే అనుమానాన్ని కాగితం మీద పెట్టాలి. మిల్లరు కూడా మన ఊరివాడే, ఆయన పరువూ పరువే.

సాఫ్ట్‌వేర్ పరీక్షలకు ఇప్పుడు మోజు ఎక్కువ. బెన్‌ఫర్డ్ సూత్రం ప్రకారం సహజంగా పుట్టే సంఖ్యల్లో దాదాపు 30 శాతం ఒకటితో మొదలవుతాయి, తొమ్మిదితో మొదలయ్యేవి 5 శాతం కూడా ఉండవు. లెక్కలు ఈ తీరుకు బాగా తేడాగా ఉంటే అనుమానించాలంటారు. పెద్ద కంపెనీ బిల్లుల మీద ఇది ఉపయోగపడుతుంది. కానీ ఒకే పరిమాణంలో లాట్లు, ఒకే మద్దతు ధర ఉండే ధాన్యం లెక్కల మీద ప్రయోగిస్తే నిజాయితీపరుడు కూడా దొంగలా కనబడతాడు.

అంకెల కంటే మనుషుల మాట ఎక్కువ పట్టిస్తుంది. మోసాల దర్యాప్తు నిపుణుల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 నివేదిక ప్రకారం, అది పరిశీలించిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే బయటపడ్డాయి. బయటి ఆడిట్ వల్ల బయటపడినవి 3 శాతమే. కళాసీతో, గుమస్తాతో, డ్వాక్రా సంఘం సభ్యురాలితో వాళ్ల యాసలో కూర్చుని మాట్లాడి నిజం రాబట్టగలిగేది ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలే. మహానగరం నుంచి వచ్చే ఆడిటర్‌కు ఆ చనువు అంత తేలిగ్గా దొరకదు. జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేసి ఎగ్గొట్టిన అగ్రిగోల్డ్ సంస్థలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు ఈ రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. వసూలు చేసిన ఏజెంట్లు చాలాచోట్ల చుట్టాలే, పక్కింటివాళ్లే. రసీదు చేతిలో ఉంది కాబట్టి డబ్బు భద్రమని జనం నమ్మారు. ఆ డబ్బు ఎక్కడికి పోతోందని అడగడం ఎవరూ నేర్పలేదు.

సాక్ష్యం భద్రపరచడం ఇంకో సంగతి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, కంప్యూటర్ రికార్డును కోర్టులో పెట్టాలంటే హ్యాష్ విలువతో కూడిన సర్టిఫికెట్ జతచేయాలి. హ్యాష్ విలువ అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైలులో ఏం మార్చినా అది మారిపోతుంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళితే చాలదు. సరైన అనుమానంతో మొదలైన కేసు కూడా ఇలాంటిచోట నీరుగారిపోతుంది. అందుకే ఈ పాఠం మొదటి వారంలోనే చెప్పాలి.

సీఏలకు వాళ్ల జాతీయ సంస్థ ఐసీఏఐ నడిపే సర్టిఫికెట్ కోర్సు ఉంది. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. పాలకొండలోనో బొబ్బిలిలోనో డిగ్రీ చదివే అమ్మాయికి రెండూ దూరమే. కానీ మన డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ తలచుకుంటే కామర్స్ పిల్లలకు వాటిని ఈ పనికి కేటాయించవచ్చు. ఒప్పుకున్న ఒక డ్వాక్రా సంఘం పొదుపు పుస్తకాన్ని, సభ్యుల దగ్గరున్న పాసుపుస్తకాలను, బ్యాంకు స్టేట్‌మెంట్‌ను పక్కపక్కన పెట్టి ఒక ఏడాది లెక్క సరిచూడమనాలి.

ఊళ్లో గొడవలు లేస్తాయన్న భయం న్యాయమైనదే. అందుకే నివేదికలో ఎవరినీ దొంగ అని రాయకూడదు. ఏ తేదీన కట్టిన ఎంత డబ్బు బ్యాంకులో కనబడలేదో అంతవరకే రాసి, సభ్యులందరూ కూర్చున్న సమావేశంలో చదివి వినిపించాలి. సంఘం లీడరు, లెక్కలు రాసే యానిమేటరు అక్కడే జవాబు చెప్పుకునే వీలుండాలి. ఆ జవాబు కూడా నివేదికలోనే రాయాలి.