మెషీన్ కింద తాంబాళం

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ నా శాఖ. వంట నాకు రాదు, పాపకు స్నానం చేయించడం మా అమ్మకు తప్ప ప్రపంచంలో ఎవరికీ రాదు (అది ఆమె అభిప్రాయం), కాబట్టి ఈ ఇంట్లో నేనూ ఒక పని చేస్తున్నానని చూపించుకోవడానికి నాకు మిగిలింది ఆ 7 కిలోల ఫ్రంట్‌లోడ్ ఒక్కటే. ఇంకా దాని ఈఎంఐలు కూడా అయిపోలేదు.

వాడి పారేసే డైపర్లతో పాపకు ఒరుసుకుపోయి ఎర్రగా దద్దుర్లు వచ్చాయని మా ఆవిడ ఏనుగు బొమ్మలున్న గుడ్డ డైపర్లు డజను తెప్పించింది. పైన నీళ్లు కారని పొర, లోపల సంచిలాగా ఉంటుంది, ఆ సంచిలో మందపాటి ఇన్సర్టు దూర్చాలి. మా అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ధర విని, "నీకు మీ నాయిన పాత ధోతులు చింపి లంగోటీలు కట్టిన. పైసా ఖర్చు కాలె. నువ్వేం తక్కువ పెరిగినవా?" అంది. హనుమకొండలో అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటాం, బండ లేదు, బాదే చోటు లేదు. నేనున్నాను, మెషీన్ ఉంది అన్నాను.

మొదట్లో బాగానే నడిచింది. అప్పటికి పాపకు తల్లిపాలు తప్ప ఇంకోటి తెలియదు కాబట్టి గుడ్డకు ఏది అంటినా నీళ్లలో ఇట్టే కరిగిపోయేది. అన్నప్రాసన అయింది, ఉగ్గు మొదలైంది, పరిస్థితి చిక్కబడింది. ఇంతకంటే వివరంగా రాయను. పిల్లలున్నవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు ఈ పూట అన్నం సహించదు.

ఉతికినా వాసన పోవడం లేదని ఒకరోజు బట్టలు మెత్తగా, ఘుమఘుమలాడేలా చేసే సాఫ్ట్‌నర్ రెండు మూతలు ఎక్కువే పోశాను. మల్లెపూల వాసన వచ్చింది, నిజం చెప్పాలి. కానీ ఆ సాఫ్ట్‌నర్ గుడ్డ మీద సన్నగా పూతలా పట్టేస్తుందట, ఇక గుడ్డ తడిని పీల్చదు. అంటే నేను చేసిందేమిటంటే పన్నెండు డైపర్లను పన్నెండు చామాకులుగా మార్చాను. ఆ సంగతి తెలిసింది హుజూరాబాద్ నుంచి వచ్చిన మా మామయ్య తెల్ల లాల్చీ మీద. పెద్దమనిషి, ఏమీ అనలేదు. "పాప నన్ను గుర్తుపట్టింది" అన్నాడంతే.

ఆ పూత వదలగొట్టాలని నేను పట్టుదలకు పోవడంతో అసలు కథ మొదలైంది.

ఎంగిలిపూల బతుకమ్మకు ముందురోజు సాయంత్రం. పండుగకని అమ్మ ఊరి నుంచి మూటెడు గునుగు పువ్వు తెచ్చింది. మా ఆవిడ పాపను నిద్రపుచ్చుతోంది. నేను డైపర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు, ఇన్సర్టులు కూడా బయటికి తీయకుండా డ్రమ్ములో వేసి, బకెట్లో బట్టలు నానబెట్టే పౌడర్ ఉంటుంది కదా, అది రెండు దోసిళ్లు పోసి బటన్ నొక్కాను. మెషీన్ పౌడర్ వేరే ఉంటుంది, దానికి నురగ తక్కువ వస్తుంది, నాకూ తెలుసు. కానీ మురికి ఎక్కువగా ఉంటే నురగ ఎక్కువ ఉండాలి అనే సిద్ధాంతం నాకు చిన్నప్పుడే, మా బావి దగ్గరే, ఒంటబట్టింది.

పావుగంటకు అద్దం తెల్లబడింది. అరగంటకు పౌడర్ పోసే డబ్బా సందుల్లోంచి నురగ పాలపొంగులా బయటికి వచ్చింది. నురగ ఎక్కువైతే మెషీన్ తనంతట తానే ఆగి, ఇంకోసారి జాడించుకుంటుంది. అట్లా ఆగుతూ, జాడిస్తూ, "ఇంకా 48 నిమిషాలు" అని గంటన్నరసేపు చూపించింది. పెళ్లిలో రెండో పంక్తి కోసం నిలబడ్డవాడికి "అయిపోయింది, లేస్తున్నరు" అని చెప్తుంటారే, అట్లా. చివరికి నాలుగుసార్లు బీప్‌మని మూలిగి ఆగిపోయింది. నీళ్లు బయటికి పోలేదు. నీళ్లుంటే తలుపు రాదు. అద్దం వెనక వానాకాలం వాగు రంగు నీళ్లు, ఆ నీళ్లలోంచి ఏనుగులు అద్దానికి ముఖాలు ఆనించి నన్నే చూస్తున్నాయి.

కస్టమర్ కేర్ అమ్మాయి "డ్రమ్ములో ఏమున్నాయి సార్?" అని అడిగింది. బట్టలన్నాను. "రేపు మధ్యాహ్నం మనిషి వస్తాడు సార్" అంది. లోపలి గదిలోంచి అమ్మ, "పండుగపూట తెల్లార్లు అవి ఇంట్ల నానాల్నారా?" అంది.

ఫోన్లో వీడియో చూశాను. మెషీన్‌కు ముందువైపు కింద, కుడి మూలన చిన్న తలుపుంటుంది, దాని లోపల గుండ్రటి ఫిల్టరు ఉంటుంది, తిప్పితే నీళ్లొస్తాయి. అంతా బాగానే ఉంది కానీ ఆ కంతకూ నేలకూ మధ్య సందు నాలుగు వేళ్లు. బకెట్ పట్టదు. గిన్నె పట్టదు. అన్నం తినే పళ్లెం పడుతుంది కానీ గుక్కెడు నీళ్లకే నిండుతుంది. వెడల్పుగా ఉండాలి, అంచు తక్కువుండాలి, నీళ్లు ఎక్కువ పట్టాలి... వంటింట్లో తలెత్తి చూస్తే అటక మీద, పండుగకని అమ్మ పొద్దున్నే చింతపండుతో తోమి పెట్టిన ఇత్తడి తాంబాళం ధగధగలాడుతూ కనబడింది. మా పెళ్లికి అత్తగారు పెట్టింది. దేవుడే చూపించాడనుకున్నాను.

సరిగ్గా సరిపోయింది. ఫిల్టరు అర తిప్పు తిప్పగానే బుస్సుమని వచ్చాయి. నిండగానే బిగించడం, ఒలక్కుండా రెండు చేతులా పట్టుకుని బాల్కనీ నుంచి హాల్లోకి, హాల్లోంచి బాత్రూమ్‌కు నడవడం. తాంబాళం వంగకూడదు కాబట్టి నడుం నిటారుగా, చూపు ఎదురుగా, అడుగులో అడుగు. చూసేవాళ్లకు అచ్చం బతుకమ్మను ఎత్తుకుని వేయిస్తంభాల గుడికి పోతున్నట్టే ఉండి ఉంటుంది.

అట్లా నాలుగోసారి పోతుండగా గదిలోంచి అమ్మ కొంగు నిండా గునుగు పువ్వుతో బయటికి వచ్చింది. ఇద్దరం ఆగిపోయాం.

"ఏందిరా అది?"

"నీళ్లమ్మా."

"ఏం నీళ్లు?"

సబ్బునీళ్లు అన్నాను. ఇప్పటికీ అది అబద్ధం కాదనే నా వాదన. కానీ అమ్మకు ముక్కుంది. తాంబాళం వైపు చూసింది, నావైపు చూసింది, పాపను ఎత్తుకుని వెనకాల నిలబడ్డ కోడలి వైపు చూసింది. ఆ తర్వాత అన్నవి నేను ఇక్కడ రాయలేను, కొన్నింటికి అక్షరాలు కూడా లేవు.

మరునాడు మెకానిక్ వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు. ఫిల్టరు పక్కనే వేలెడంత సన్నపైపు పీకి చూపించి, "దీని బిరడా తీసి మగ్గులోకి వంచితే అయిపోయేది కదా సార్" అన్నాడు. తాంబాళం సంగతి అతనికి చెప్పలేదు. పంపులోంచి పాప మేజోడు ఒకటి, రూపాయి బిళ్ల ఒకటి తీశాడు. అంత చిన్న మేజోళ్లు డ్రమ్ము అంచున ఉండే రబ్బరు సందులోంచి జారి పంపుదాకా పోతాయట. అప్పుడే ఇంకోటి కూడా చెప్పాడు. ఈ మెషీన్లకు నీళ్ల పొదుపు ఎక్కువ, పైనుంచి వేసే మెషీన్‌తో పోలిస్తే దాదాపు సగమే తీసుకుంటాయి, అది కూడా లోపల బరువెంతుందో చూసుకుని. ఎండిన డైపర్లకు బరువేముంటుంది? దూదిపింజలు. రెండు చెంబులు చాలులే అనుకుంటుంది పాపం. అందుకని ఉన్నదంతా ముందే దులిపేసి, ఇన్సర్టులు బయటికి లాగి, ఒట్టి నీళ్లతో ఒకసారి జాడించాలి. తర్వాత బాగా తడిపిన పెద్ద టవల్ ఒకటి కలిపి వేస్తే బరువెక్కువుందనుకుని నీళ్లు ఎక్కువ తీసుకుంటుంది. పౌడర్ తక్కువ, సాఫ్ట్‌నర్ వద్దే వద్దు. మెషీన్‌ను మోసం చేయాలన్నమాట. ఇంతకాలం అదే నన్ను మోసం చేస్తోందనుకున్నాను.

డైపర్లు బాగుపడ్డాయి. తాంబాళం బాగుపడలేదు. చింతపండుతో తోమాను, నిమ్మకాయతో తోమాను, అద్దంలా మెరిసింది, అయినా "ఇగ అది బతుకమ్మకు ఒద్దు" అంది అమ్మ. ఎంగిలిపూల నాడు పక్కింటివాళ్ల తాంబాళం అడిగి తెచ్చి పేర్చారు. సద్దుల బతుకమ్మలోపు కొత్తది రావాలని ఆర్డరు. మా ఆవిడ బాధ వేరే. "అదే సైజు, అదే అంచు ఉండాలె. సద్దులకు మా అమ్మ వస్తది, ఆమెకు తెలిస్తే నీ కథ ఉంటది" అంది.

పాతదాన్ని సంచిలో వేసుకుని వరంగల్ చౌరస్తా దగ్గర ఇత్తడి సామాన్ల దుకాణానికి పోయాను. పాతది వేసి కొత్తది తీసుకోవచ్చన్నాడు ముసలాయన. పాత ఇత్తడి రేటు వేరు, కొత్తదాని రేటు వేరు, అది సరే. సంచిలోంచి తీసి ఇచ్చాను. వెలుతురుకు పట్టి చూశాడు.

"మంచిగ తోమిన్రు సార్. బతుకమ్మ తాంబాళమా?"

అవునన్నాను.

తక్కెట్లో పెట్టబోయినవాడు ఆగి, రెండు చేతులతో దాన్ని పైకెత్తి, భక్తిగా కళ్లకద్దుకున్నాడు. నేను రోడ్డు మీద పోయే ఆటోలు లెక్కపెట్టుకున్నాను.